పెళ్ళి ఫొటోల్లో పంచె మడతలు ఎక్కడికి పోతున్నాయి?

ఈ మధ్య ఎవరి పెళ్ళి ఆల్బమ్ తిరగేసినా నా కళ్ళు ముందు పెళ్ళికొడుకు పంచె మీదికే పోతున్నాయి. ముఖాలు బాగుంటాయి, నగలు మెరుస్తుంటాయి, వెనక పూల డెకరేషన్‌లో ఏ రంగూ తగ్గదు, కానీ నడుము కిందికి వచ్చేసరికి తెల్లటి ఖాళీ. మడత లేదు, కుచ్చిళ్ళు లేవు, నేత లేదు, ఎర్రంచు ఒక్కటే మిగిలి ఉంటుంది. మధుపర్కాలు కట్టుకుని ఇద్దరూ పీటల మీద పక్కపక్కన కూర్చున్న ఫొటో అయితే మరీ బాధ, ఎవరి బట్ట ఎక్కడ ముగిసిందో ఎవరిది ఎక్కడ మొదలైందో తెలియదు. మా ఫొటోగ్రాఫర్లు దీన్ని వైట్ కాలిపోయింది అంటారు, ఓవర్ అయిపోయింది అంటారు, తర్వాత పేజీ తిప్పేస్తారు. అలా తిప్పేయాల్సిన విషయం కాదని నా గట్టి అభిప్రాయం. పెళ్ళి మొత్తంలో ఆ జంట పట్టుచీరలూ షేర్వాణీలూ ఎన్ని మార్చినా, అసలు ఘట్టంలో ఒంటి మీద ఉండేది ఆ తెల్ల నూలుబట్టే కదా.

నేను ఈ పనిలోనే ఉన్నాను కాబట్టి సూటిగా చెబుతాను. ఇందులో కెమెరా తప్పు చాలా తక్కువ. ఇవాళ తక్కువ ధరలో దొరికే మిర్రర్‌లెస్ కెమెరా కూడా తెల్లబట్టనూ చామనచాయ ముఖాన్నీ ఒకే ఫ్రేములో పట్టుకోగలదు. ముఖం ఉన్నదానికంటే తెల్లగా కనిపించాలని మనం లైటు పెంచుతాం చూడండి, బట్ట కాలిపోయేది అక్కడ. ఆ కోరిక ఒక్కటి వదులుకుంటే సమస్యలో పెద్ద భాగం అప్పుడే తీరిపోతుంది.

లెక్క చూస్తే విషయం ఇంకా స్పష్టంగా ఉంటుంది. కెమెరాలో ఉండే లైట్ మీటరుకు తెలుపు, నలుపు అని తెలియదు, ఎదురుగా ఉన్నది ఏదైనా సరే మధ్యరకం బూడిద రంగనే అనుకుంటుంది. తన మీద పడిన వెలుతురులో సుమారు 18 శాతం తిప్పి పంపే బూడిద రంగు అది. ఉతికిన తెల్ల నూలుబట్ట 90 శాతం దాకా తిప్పి పంపుతుంది. అంటే ఐదు రెట్లు, మా భాషలో రెండు స్టాపుల పైన కొంచెం, ఒక్కో స్టాపుకూ వెలుతురు రెట్టింపు అవుతుంది. మన చామనచాయ ముఖాలు ఆ మధ్య బూడిదకు అటూ ఇటూగానే ఉంటాయి, ఇంకాస్త నల్లగా ఉన్నవాళ్ళ ముఖం దానికి ఒక స్టాపు కింద ఉంటుంది. కెమెరా తయారు చేసే మామూలు ఫొటో ఫైలు జేపెగ్‌లో మధ్య బూడిద నుంచి పైకి రెండున్నర, మహా అయితే మూడు స్టాపుల చోటు ఉంటుంది. కాబట్టి ముఖాన్ని దాని అసలు ఛాయలో ఉంచితే పంచె ఆ చోట్లో ఇముడుతుంది, బొటాబొటీగానైనా సరే. అదే ముఖాన్ని ఒక స్టాపు పైకి లాగామనుకోండి, పంచె హద్దు దాటేసింది. నల్లటి ముఖాన్ని తెల్లగా చూపించాలని రెండు స్టాపులు లాగారంటే ఇక చెప్పనక్కర్లేదు.

పాత నెగెటివ్ ఫిల్ముకు ఒక మంచి గుణం ఉండేది. వెలుతురు ఎక్కువైన కొద్దీ అది నెమ్మదించేది, ఒక్కసారిగా ఆగిపోయేది కాదు. అందుకే మన ఇళ్ళల్లో గోడకు వేలాడే తాతల కాలం నాటి నలుపు తెలుపు ఫొటోల్లో పంచెకట్టు మడతలు ఇంకా లెక్కపెట్టేటట్టు ఉంటాయి. ఆ నెగెటివ్‌లో ఉన్న వివరాన్ని డార్క్‌రూములో ప్రింటు వేసేవాళ్ళు తెల్లభాగానికి మాత్రం ఇంకాస్త వెలుతురు తగలనిచ్చి కాగితం మీదికి తెచ్చేవారు. డిజిటల్ సెన్సర్ అలా కాదు. దాని మీద ఒక్కో పిక్సెల్ ఒక బిందె, నిండేదాకా పట్టుకుంటుంది, నిండాక ఎంత పోసినా పొర్లిపోవడమే, ఎంత పొర్లిందో లెక్క కూడా మిగలదు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు ఛానెళ్ళూ నిండిపోయిన చోట ఇక ఏ సాఫ్ట్‌వేరూ మడతను వెనక్కి తీసుకురాలేదు.

ఇక ముఖం సంగతి. పెళ్ళి ఫొటోల సంగతి మాట్లాడుకోవడానికి నా దగ్గరికి వచ్చినప్పుడు తల్లులు చాలామంది చెప్పే మొదటి మాట ఇది: "బాబూ, మా అమ్మాయి ఫొటోల్లో కాస్త తెల్లగా రావాలమ్మా." వాళ్ళను నేను తప్పు పట్టను, ఆ మాట వెనక ఎన్ని పెళ్ళిచూపుల్లో ఏమేం విన్నారో ఎవరికి తెలుసు. కానీ ఆ మాటకు తలూపితే ఏం జరుగుతుందో వరసగా చూడండి. మేకప్ చేసేవాళ్ళు అమ్మాయి రంగు కంటే రెండు ఛాయలు తేలికైన ఫౌండేషన్ వేస్తారు. దాని మీద ఫొటోగ్రాఫర్ ఎదురుగా ఫ్లాష్ వేసి ఒక స్టాపు పెంచుతాడు. ఎడిటింగ్‌లో ఇంకో అర స్టాపు పెరుగుతుంది, స్కిన్ స్మూతింగ్ తోడవుతుంది. చివరికి ముఖం ఒక రంగు, మెడ ఒక రంగు, గోరింటాకు పెట్టిన చేతులు ఇంకో రంగు. బట్ట ఏ రంగూ లేకుండా పోతుంది. చామనచాయ అమ్మాయి తెల్ల మధుపర్కంలో ఎంత అందంగా ఉంటుందో ఆ ఆల్బమ్‌లో మచ్చుకైనా కనిపించదు. ఆ తెలుపు పక్కనే ఆ ఛాయకు వెలుగు వస్తుంది, అది నేను మనస్ఫూర్తిగా నమ్మే మాట.

అందుకని నేను వాదనకు దిగను, ఒకే ఫొటోకు రెండు ప్రింట్లు తీసి పక్కపక్కన పెడతాను. ఒకటి ముఖం పెంచినది, ఒకటి ఉన్నది ఉన్నట్టు. "అమ్మా, ముఖం ఒక్కటే కాకుండా మొత్తం చూడండి, చీర చూడండి, చేతులు చూడండి" అంటాను. చాలామంది రెండోదే ఎంచుకుంటారు. కొందరు ఎంచుకోరు, అది వాళ్ళిష్టం, అప్పుడు కూడా ముఖానికి మాత్రమే వెలుతురు అందేలా చూస్తాను తప్ప ఫ్రేము మొత్తాన్ని పెంచను.

తీసేటప్పుడు ఏం చేయాలో ఇప్పుడు చెబుతాను. ఫ్రేములో ఒక చిన్న చోటును మాత్రమే కొలిచే స్పాట్ మీటరింగ్ పెట్టి, పంచె మీద వెలుతురు బాగా పడుతున్న చోట మీటర్ చేసి, అక్కడి నుంచి రెండు స్టాపులు పెంచండి. అమెరికన్ ఫొటోగ్రాఫర్లు ఆన్సెల్ ఆడమ్స్, ఫ్రెడ్ ఆర్చర్ 1940 ప్రాంతంలో రూపొందించిన, నలుపు నుంచి తెలుపు దాకా ఛాయల్ని మెట్లుగా విడగొట్టే జోన్ పద్ధతి సారం కూడా ఇంతే, మధ్య బూడిద 5వ జోను అయితే నేత కనిపించే తెలుపు 7, 8 జోన్లలో కూర్చోవాలి. ఇంకేమీ పెంచకుండా మీటరు చెప్పిందే వింటే పంచె బూడిదరంగులోకి దిగుతుంది, ముఖం చీకటైపోతుంది, అది చూసి భయపడి కొత్తవాళ్ళు మళ్ళీ అటు చివరికి పోతారు. రెండు స్టాపులు అన్నది గుర్తుపెట్టుకుని మాన్యువల్‌లో లాక్ చేసేస్తే మండపంలో లైటు మారనంతసేపూ మళ్ళీ దాని జోలికి పోనక్కర్లేదు. ఆటోలో వదిలేస్తే మాత్రం, పెళ్ళికూతురు వెనక నల్లసూటు వేసుకున్న తమ్ముడొచ్చి నిలబడిన ప్రతిసారీ కెమెరా లైటు పెంచేస్తుంది, పంచె కాలిపోతుంది.

నికాన్ వాడేవాళ్ళకు 2014లో డి810తో వచ్చిన హైలైట్ వెయిటెడ్ మీటరింగ్ ఉంది, తెలుపును కాపాడడానికే పెట్టినది. సోనీలోనూ హైలైట్ మీటరింగ్ ఉంది. కెనాన్‌లో హైలైట్ టోన్ ప్రయారిటీ, ఫుజీలో డీఆర్ 200, డీఆర్ 400 ఉన్నాయి. నికాన్, సోనీలవి తెలుపు కాలకుండా ఎక్స్‌పోజర్ తగ్గించే మీటరింగ్‌లు మాత్రమే. కెనాన్, ఫుజీలవి చేసేది దాదాపు ఒకటే, కొంచెం తక్కువ ఎక్స్‌పోజ్ చేసి నీడల్ని తర్వాత పైకి ఎత్తడం. బాగానే పనిచేస్తాయి, కాకపోతే ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) కనీసం ఎంతుండాలో ఈ రెండూ నిర్ణయిస్తాయి కాబట్టి మిట్టమధ్యాహ్నం ఎండలో చేతులు కట్టేసినట్టు అనిపిస్తుంది.

వెనక స్క్రీన్ మీద కాలిపోయిన చోటును చూపిస్తూ మెరిసే హైలైట్ అలర్ట్, లేదా జీబ్రా గీతలు తప్పకుండా ఆన్‌లో పెట్టుకోండి. ఒక్క విషయం గుర్తుంచుకోవాలి, రా ఫైలు, అంటే సెన్సర్ పట్టినదాన్ని మార్చకుండా దాచే ఫైలు తీస్తున్నా సరే, ఆ హెచ్చరిక, ఫొటోలో వెలుతురు పంపకాన్ని గీతగా చూపే హిస్టోగ్రామ్ కెమెరా లోపల తయారైన జేపెగ్‌ను బట్టి చూపిస్తాయి. వివిడ్ స్టైల్ పెట్టుకుంటే ముందుగానే భయపెడతాయి, న్యూట్రల్ పెట్టుకుంటే నిజానికి దగ్గరగా ఉంటాయి. జరీ మీద, నగల మీద అక్కడక్కడా మెరిస్తే పట్టించుకోకండి, లోహం మెరుపు కాలిపోతే నష్టం లేదు, అది అలాగే ఉండాలి కూడా. నూలుబట్ట మీద అరచేయంత మేర మెరిసిందంటే మాత్రం అక్కడే ఆగి లైటు తగ్గించాలి.

ఎక్స్‌పోజర్ కంటే నాకు ముఖ్యమైనది లైటు ఎటు నుంచి వస్తోందన్నది. తెల్లబట్టలో మనం చూసేది తెలుపును కాదు, మడతల పక్కన పడే సన్నటి నీడల్ని. ఎదురుగా కెమెరా మీద ఫ్లాష్ పెట్టి కొడితే ఆ నీడలు మడత వెనక్కి పోతాయి, ఎక్స్‌పోజర్ ఎంత సరిగ్గా ఉన్నా బట్ట చదునుగానే ఉంటుంది. అదే లైటు పక్కనుంచి, బట్ట మీదుగా జారుతూ వస్తే గంజి పెట్టిన పంచె కుచ్చిళ్ళు ఒక్కొక్కటీ విడిగా తేలతాయి. శ్రీకాకుళం వైపు పొందూరు ఖద్దరు కట్టుకున్న పెద్దాయన్ను కిటికీ పక్కన కూర్చోబెట్టి తీసి చూడండి, ఆ చేతి నూలులో దారం ఒక చోట సన్నగా ఒక చోట లావుగా ఉండడం కూడా కనిపిస్తుంది. ఆ నూలు వడకడానికి పత్తిని వాలుగ చేప దవడతో శుభ్రం చేస్తారు, అంత పనితనం ఉన్న బట్టను ఎదురు ఫ్లాష్‌తో చెరిపేయడం నాకు మనసొప్పదు.

మండపంలో పక్క లైటుకు చోటెక్కడ ఉంటుంది అంటారా, ఉంటుంది, పైన ఉంటుంది. స్టాండుకు సాఫ్ట్‌బాక్స్, అంటే లైటును మెత్తబరిచే గుడ్డపెట్టె, తగిలించి ముఖాలకు వీలైనంత దగ్గరగా, కాస్త పైనుంచి, ఒక పక్కకు పెడతాను. దగ్గర అనే మాట ముఖ్యం. వెలుతురు దూరం వర్గాన్ని బట్టి పడిపోతుంది, లైటు నుంచి ముఖం ఒక మీటరులో ఉండి ఒడి రెండు మీటర్ల దూరంలో ఉంటే ఒడిలోని పంచెకు నాలుగో వంతు వెలుతురే అందుతుంది, అంటే రెండు స్టాపులు తక్కువ. మనకు ముఖానికీ బట్టకూ మధ్య ఉన్న తేడా ఎంతో గుర్తుందా, ఇంచుమించు అంతే. లైటు దూరంగా పెడితే ముఖానికీ ఒడికీ సమానంగా పడుతుంది, తేడా తేడాగానే ఉండిపోతుంది. ఇంకో చిన్న కిటుకు, సాఫ్ట్‌బాక్స్ మధ్యభాగం నేరుగా వాళ్ళ వైపు చూడకుండా కాస్త పైకి తిప్పితే నడుము కింద పడేది దాని అంచు వెలుతురే. అది చాలకపోతే సాఫ్ట్‌బాక్స్ కింది భాగానికి ఒక నల్లగుడ్డ వేలాడదీస్తే చాలు.

ఇదే దూరం లెక్క గ్రూప్ ఫొటోల్లో ఎదురు తిరుగుతుంది. కెమెరా మీద ఫ్లాష్ ఉన్నప్పుడు ముందు కుర్చీలో కూర్చున్న తాతగారి తెల్లలాల్చీకి, వెనక నిలబడిన మనవడి ముఖానికి అందినదానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ అందుతుంది. దీనికి విరుగుడు ఫ్లాష్‌ను సీలింగ్ వైపు తిప్పడం, లేదంటే తెల్లబట్టల వాళ్ళను లైటుకు దూరంగా ఉన్న చివర నిలబెట్టడం. "పెదనాన్నగారూ, మీరు కాస్త ఇటు వస్తారా" అంటే ఎవరూ కాదనరు.

వీడియో వాళ్ళ ఎల్‌ఈడీ లైట్ల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే చాలా పెళ్ళిళ్ళలో మా లైటింగ్ అంతా వాటి చేతిలోనే ఉంటుంది. జీలకర్ర బెల్లం పెట్టే ఆ నిమిషంలో రెండు లైట్లు ఎదురుగా వచ్చి వాలతాయి. ముందు రోజే వాళ్ళతో మాట్లాడుకుంటే సగం టెన్షన్ తగ్గుతుంది, ఒక లైటు పక్కకు, ఒకటి పైకి పెట్టుకుందాం అన్నా అంటే వాళ్ళకూ వీడియో బాగా వస్తుంది, తెలుపు వాళ్ళకూ కాలిపోతోంది కదా.

పగటి ముహూర్తాలు వేరే కథ. అన్నవరం కొండ మీద పెళ్ళి చేసుకున్న జంటను నడి ఎండలో మెట్ల మీద నిలబెట్టి తీయమంటారు. ఆ ఎండలో ముఖం మీద ముక్కు నీడ, కళ్ళ కింద నీడ, పంచె మీద పూర్తి ఎండ. అక్కడ ముఖానికి సరిపోయేలా పెట్టడమంటే బట్టను వదులుకోవడమే. నేను వాళ్ళను సూర్యుడికి వీపు తిప్పి నిలబెడతాను, ముఖమూ బట్టా రెండూ నీడవైపుకు వస్తాయి, భుజాల మీద అంచు మాత్రం వెలుగుతుంది, ఆ అంచు కాలినా అందమే. వీలైతే మండపం నీడలోకి తీసుకెళ్తాను. నేల నున్నటి రాయి అయితే కింది నుంచి వెలుతురు గడ్డం కిందికి తన్నుకొస్తుంది, రిఫ్లెక్టర్ అక్కర్లేదు.

నీడలోకి వెళ్ళాక ఇంకో చిక్కు మొదలవుతుంది, తెలుపు నీలంగా మారుతుంది. ఆకాశం రంగు ఒక కారణం. బట్టకు పెట్టిన నీలిమందు ఒకటి. డిటర్జెంట్లలోనూ కొత్త బట్టల్లోనూ ఉండే బ్రైట్‌నర్లు ఇంకొకటి, అవి కంటికి కనిపించని అతినీలలోహిత కాంతిని పీల్చుకుని నీలికాంతిగా వదులుతాయి. దీనివల్ల ముందుగా నిండిపోయేది నీలం ఛానెల్. కెమెరా హిస్టోగ్రామ్‌ను ఒక్క గీతగా కాకుండా మూడు రంగులుగా చూడమనేది ఇందుకే, మొత్తం బాగుందని చూపిస్తూనే ఒక రంగు పోయి ఉంటుంది. మరో సంగతి, పంచె తెల్లగానే ఉంది కదా అని దాన్ని చూపించి వైట్ బ్యాలెన్స్, అంటే కెమెరాకు తెలుపు ఏదో చెప్పే సెట్టింగు, పెట్టకండి. ఆ నీలాన్ని తటస్థం చేయబోయి సాఫ్ట్‌వేర్ ముఖాల్ని పసుపు చేస్తుంది. దానికి బదులు చూపించడానికి చిన్న గ్రే కార్డు, అంటే బూడిద రంగు అట్ట, జేబులో పెట్టుకోండి. పసుపు పచ్చటి బల్బుల కింద ఇది తిరగబడి ఎరుపు ఛానెల్ ముందు నిండుతుంది, తలంబ్రాల పసుపు పడ్డ తెల్లబట్ట ఆ లైట్లలో బాగా ఇబ్బంది పెడుతుంది.

చర్చి పెళ్ళిళ్ళలో తెల్లచీరా, తల మీద నెట్ ముసుగూ, పక్కనే నల్లసూటు. అక్కడ నేను సూటును వదిలేసి చీర వైపే ఉంటాను. నీడల్లో ఉన్న వివరం రా ఫైలులో రెండు మూడు స్టాపులు ఎత్తినా వస్తుంది, కాస్త నాయిస్‌తో, అంటే ఇసుక చల్లినట్టు చుక్కలతో. కాలిపోయిన నెట్ రాదు. ముసుగు వెనక ఏదైనా ముదురు రంగు ఉండేలా నిలబడండి, కిటికీ వెనక పెట్టుకుంటే నెట్ కనిపించనే కనిపించదు.

ఎడిటింగ్‌లో చాలామంది చేసే పని హైలైట్స్ స్లైడర్‌ను మైనస్ వందకు లాగేయడం. తెల్లబట్ట మాసిన బట్ట అయిపోతుంది. నేను ముందు ప్రొఫైల్‌ను న్యూట్రల్‌కు మారుస్తాను, అక్కడే కొంత వివరం తిరిగి వస్తుంది. తర్వాత ఎక్స్‌పోజర్ కొద్దిగా తగ్గించి, హైలైట్స్ సగం వరకే లాగి, వైట్స్‌ను మాత్రం కాస్త పైకి పెడతాను, తెలుపులో తెలుపు మిగలాలంటే మడత శిఖరం మెరవాలి, లోయ తగ్గాలి. లైట్‌రూమ్‌లో మనుషుల మాస్కుల్లో 2023 నుంచి బట్టల్ని విడిగా ఎంచుకోవచ్చు, దాంతో పంచె ఒక్కదానికే టెక్స్చర్ కొంచెం ఇచ్చి, ముఖానికి వేరే మాస్కుతో పావు స్టాపో అర స్టాపో ఎత్తుతాను. అంతకు మించి ఎత్తితే మెడ దగ్గర పట్టుబడిపోతుంది.

ఇక పూర్తిగా పోయిన బట్ట సంగతి. కర్వ్‌లో పై చివరను కిందికి దించితే తెలుపు బూడిదవుతుంది తప్ప నేత రాదు, ఆ పని చేయకండి. అదే సీటింగ్‌లో తీసిన వేరే ఫ్రేములో పంచె బాగుంటే దాన్నుంచి ముక్క తెచ్చి ఫొటోషాప్‌లో కలపవచ్చు, పీటల మీద కూర్చున్నంతసేపూ మడతలు పెద్దగా కదలవు కాబట్టి ఇది చాలాసార్లు కుదురుతుంది. కుదరకపోతే ఆ భాగానికి చాలా లేత రంగు పొర వేసి, పైన కాస్త గ్రెయిన్ చల్లితే కళ్ళకు గుచ్చుకోకుండా ఉంటుంది, అంతవరకే. కొత్తగా ఏఐ టూల్స్ మడతల్ని పుట్టించి ఇస్తున్నాయి. పెళ్ళి ఫొటోలో నేను వాటిని వాడను, ఆ అంచు ఆ అమ్మమ్మ ఏరి కొన్న అంచు, దాన్ని యంత్రం ఊహించి గీయడం నాకు సరిగా అనిపించదు.

ఆల్బమ్‌కు పంపేముందు తెలుపు విలువలు చూసుకోండి. కంప్యూటర్‌లో సున్నా పూర్తి నలుపు, 255 పూర్తి తెలుపు. 255 అంటే ప్రింటులో రంగేమీ పడదు, ఉత్త కాగితమే, ఫ్రేము అంచున అలాంటి బట్ట ఉంటే ఫొటో ఎక్కడ ముగిసిందో కూడా తెలియదు. బట్టలో అతి తెల్లటి చోటు 245, 250 మధ్య ఉంటే కాగితం మీద సన్నటి ఛాయ పడి నేత నిలుస్తుంది. ల్యాబ్ వాళ్ళను అడిగి మొత్తం ఆల్బమ్ కంటే ముందు మధుపర్కాల షీటు ఒక్కటి ప్రింటు తీయించుకోండి, పగటి వెలుతురులో గుమ్మం దగ్గర పట్టుకుని చూడండి, ట్యూబ్‌లైటు కింద కాదు. గ్లాసీ కాగితం మీద బాగున్నది మ్యాట్ మీద వేరేలా రావచ్చు, కాబట్టి ఆల్బమ్‌కు వాడే కాగితం మీదే అడగండి.